మొహల్లాను అడగని నగరానికి తెలివి ఎక్కడిది?

"సభకు హాజరైన పౌరులందరూ ప్రతిపాదనలను ఏకగ్రీవంగా ఆమోదించినారు."

ఈ వాక్యాన్ని నా గుమాస్తా ఉద్యోగంలో ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క తెలియదు. ఏ కార్యాలయంలో అన్నది ఇక్కడ అనవసరం. ఆ వాక్యం ఏ ఒక్క కార్యాలయపు సొత్తూ కాదు. సభ పదకొండు గంటలకు ఉంటే, మినిట్స్ చిత్తుప్రతి పది గంటలకే నా బల్లమీద సిద్ధంగా ఉండేది. సభకు వచ్చినవారి చేత హాజరు పట్టికలో సంతకాలు చేయించడం, సంఖ్య ఖాళీని పూరించడం, పై అధికారి సంతకానికి పెట్టడం, అంతవరకే నా పని. సభలో ఒక ముసలాయన లేచి తమ గల్లీలో మోరీ పొంగుతున్నదని చెప్పేవాడు. ఒక తల్లి నల్లా నీళ్లు రాత్రి రెండింటికి వస్తున్నాయని మొత్తుకునేది. ఆ మాటలు దస్త్రంలోకి ఎక్కేవి కావు. వారు పెట్టిన సంతకాలు మాత్రం ఎక్కేవి. హాజరైనట్లు పెట్టిన సంతకమే ఆమోదించినట్లు పెట్టిన సంతకంగా మారిపోయేది.

పదవీ విరమణ చేసి రఘునాథపల్లిలో ఉంటున్న నేను ఈ పాత తప్పును ఇప్పుడెందుకు ఒప్పుకుంటున్నాను? ఎందుకంటే మన పెద్ద నగరమైన వరంగల్‌ను తెలివైన నగరంగా తీర్చిదిద్దుతామని పదేళ్లుగా చెబుతున్నారు. ఆ తెలివికి పునాది ప్రజల భాగస్వామ్యమేనని కూడా చెబుతున్నారు. భాగస్వామ్యం కాగితంమీద ఎలా తయారవుతుందో తయారుచేసిన చేతికి తెలుసు.

ముందుగా వాస్తవాలు చూద్దాం. కేంద్ర ప్రభుత్వం స్మార్ట్ సిటీస్ మిషన్‌ను 2015 జూన్ 25న ప్రారంభించింది. దేశంలో 100 నగరాలను ఎంపిక చేసింది. 2016 మే నెలలో ప్రకటించిన 13 నగరాల జాబితాలో వరంగల్‌కు చోటు దక్కింది. ఒక్కో నగరానికి కేంద్రం ఐదేళ్లలో 500 కోట్ల రూపాయల వరకు ఇవ్వాలని, అంతే మొత్తాన్ని రాష్ట్రం, నగరపాలక సంస్థ కలిసి సమకూర్చాలని నియమం. నగరాలు పోటీపడి ప్రణాళికలు సమర్పించాలి. ఆ ప్రణాళికలో పౌరులను సంప్రదించిన తీరుకు కూడా మార్కులు ఉన్నాయి. అంటే ప్రజలను అడగడం పరీక్షలో ఒక ప్రశ్న అయింది. పరీక్షలో మార్కుల కోసం రాసే సమాధానానికీ, మనసులో నమ్మి చేసే పనికీ ఉన్న తేడా పిల్లలకు కూడా తెలుసు.

ఇక ఆ అడగడం దేశమంతటా ఏ రూపంలో జరిగింది? అంతర్జాలంలో అభిప్రాయ సేకరణ, మొబైల్‌లో ఓటింగ్, వ్యాసరచన పోటీలు, కొన్ని సదస్సులు. చేతిలో మంచి ఫోను, ఇంట్లో తీరిక, అధికార భాషమీద పట్టు ఉన్నవారు పాల్గొన్నారు. వారిని నేను తప్పుపట్టను. కానీ మండీబజార్‌లో తెల్లవారకముందే దుకాణం తెరిచే కూలీ, చార్‌బౌలీలో కుట్టుమిషన్‌మీద వంగిన మహిళ, కరీమాబాద్‌లో ఆటో నడిపే యువకుడు ఆ తెరమీద ఎక్కడున్నారు? వారికి సమస్యలు లేక కాదు. వారిని అడిగే పద్ధతి అది కాదు.

ఇది మన పేదరికం గురించి మనం చేసే ఫిర్యాదు మాత్రమే అనుకోకండి. అమెరికాలోని బోస్టన్ నగరం సుమారు పదిహేనేళ్ల కిందట ఒక మొబైల్ యాప్ తయారుచేయించింది. కారులో ఫోను పెట్టుకుని వెళ్తే, కుదుపును బట్టి రోడ్డుమీద గుంత ఎక్కడుందో అదే గుర్తించి నగరపాలక సంస్థకు తెలియజేస్తుంది. చక్కని ఆలోచనే. కానీ వెంటనే ఒక చిక్కు బయటపడింది. పేదల పేటల్లో, వృద్ధుల వద్ద అటువంటి ఫోన్లు తక్కువ. ఆ లెక్కనే నమ్ముకుంటే గుంతలన్నీ సంపన్నుల వీధుల్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. మరమ్మతులన్నీ అటే పోతాయి. అక్కడి అధికారులు ఈ ప్రమాదాన్ని గ్రహించి, నగరమంతా తిరిగే రోడ్డు తనిఖీ సిబ్బంది చేతికే ముందుగా ఆ యాప్ ఇచ్చారు. యంత్రం అబద్ధం చెప్పలేదు. దానికి ఎవరు చెబితే వారి మాటే విన్నది. వరంగల్ అయినా, బోస్టన్ అయినా యంత్రపు చెవి ఎక్కడ పెట్టారన్నదే అసలు ప్రశ్న.

రెండవ సంగతి, నిర్ణయం చేసే చోటు. ఈ పథకాన్ని అమలు చేసేది నగరపాలక సంస్థ పాలకమండలి కాదు. దానికోసం ప్రత్యేకంగా ఒక కంపెనీ ఏర్పాటు చేశారు. అందులో రాష్ట్రానికి, నగరపాలక సంస్థకు సమాన వాటా ఉంటుంది. పాలకమండలికి ఉన్న అధికారాలను ఆ కంపెనీకి అప్పగించమని మార్గదర్శకాలే ప్రోత్సహించాయి. పనులు వేగంగా సాగాలన్నది కారణంగా చెప్పారు. మన డివిజన్‌కు మనం ఎన్నుకున్న కార్పొరేటర్‌ను వీధిలో పట్టుకుని నిలదీయగలం. ఒక కంపెనీ బోర్డును ఏ వీధిలో పట్టుకుంటాం? పైగా ఖర్చులో అధికభాగం నగరమంతటికీ కాదు. ఎంపిక చేసిన ఒక ప్రాంతానికి. ఆ ప్రాంతం హద్దు గీసిన గీతకు ఇవతల ఎవరు, అవతల ఎవరు అన్నది నిర్ణయమైన తరువాత, "మీకు ఉద్యానవనం ముందు కావాలా, సైకిల్ బాట ముందు కావాలా" అని అడగడం సంప్రదింపు కాదు. వంట అయిపోయిన తరువాత ఉప్పు సరిపోయిందా అని అడగడం అది. ఏమి వండాలని అడగడమే సంప్రదింపు. మన ఇళ్లలో పెళ్లి కుదిర్చే ముందు మష్వరా చేస్తాం, నికాహ్ అయిపోయిన తరువాత కాదు.

గీత ఎక్కడ గీశారన్నది కాగితంమీద చర్చ కాదని వానలు చెప్పాయి. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. 2023 జూలైలో మళ్లీ మునిగాయి. ఆ జూలై చివరిలోనే భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపున గండి పడింది. అదే భద్రకాళి బండ్ స్మార్ట్ సిటీ పనుల్లో అందరికీ చూపించుకునే అందాల బండ్. నడకదారి, దీపాలు, పచ్చదనం, ఇవన్నీ నాకూ ఇష్టమే. మనవడిని తీసుకుని నేనూ అక్కడ నడిచాను. కానీ చెరువును అలంకరించే ముందు చెరువులోకి వచ్చే నీరు, చెరువునుంచి పోయే నీరు, దారిలో ఆక్రమణకు గురైన నాలాలు ఎవరి లెక్కలోకి రావాలి?

రంగశాయిపేటలో మా బంధువులు అద్దెకుంటున్న ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఉన్నది. ఆమెకు చదువు రాదు. అయితే ఏ వాన ఎంతసేపు కురిస్తే ఏ మూల నుంచి నీళ్లు వస్తాయో, ఏ మూత కింద పూడిక పేరుకున్నదో, ఏ గోడ కట్టినప్పటి నుంచి నీళ్ల దారి మారిందో ఆమె వేలుతో చూపించగలదు. కోట్ల రూపాయలు పెట్టి కొనే సెన్సర్లు చెప్పవలసిన సంగతి అదే కదా! ఆమెను అడగడానికి అయ్యే ఖర్చు ఒక కప్పు చాయ్. అడగలేదు. అడగకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు. ఆమెకు తెలుసునని ఎవరికీ తోచకపోవడం.

మూడవ సంగతి చేదుది. మన మొహల్లాలు యంత్రానికి అసలే కనిపించవని అనలేం. కొన్ని విషయాల్లో అవసరానికి మించి కనిపిస్తాయి. దేశంలోని 100 స్మార్ట్ నగరాలన్నిటిలోనూ కమాండ్ కంట్రోల్ సెంటర్లు ఏర్పడ్డాయి. కెమెరాలు రోడ్డు ప్రమాదాలను, దొంగతనాలను పట్టుకోవడానికి పనికివస్తాయి, కాదనను. కానీ హైదరాబాద్‌లో 2021 మేలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని, ఫోటో తీసుకున్నారు. ఏ చట్టం కింద ముఖాలను గుర్తుపట్టే ఈ పద్ధతిని వాడుతున్నారని ఆయన తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పి ఉన్నది. హక్కు కోర్టులో ఉన్నది, కెమెరా గల్లీ మొదట్లో ఉన్నది. గల్లీ మొదట్లో కెమెరా పెట్టే ముందు ఆ గల్లీవారితో ఒక్క సమావేశమైనా జరపాలని అడగడం నేరమా?

రేషన్ కార్డుల కథ ఇంకా బాధాకరం. తెలంగాణలో 2016 నుంచి కంప్యూటర్ లెక్కల ఆధారంగా లక్షల కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వచ్చి చూసినవారు లేరు, ముందుగా నోటీసు ఇచ్చినవారు లేరు అన్నది బాధితుల ఫిర్యాదు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక ముస్లిం కుటుంబాన్ని, పేరు దగ్గరగా ఉన్న మరొక వ్యక్తికి కారు ఉన్నందువల్ల, కారు గల కుటుంబంగా యంత్రం లెక్కగట్టిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. మన పేర్లు ఎలా రాస్తారో మనకు తెలుసు. ఒకే పేరు ఆధార్‌లో ఒక తీరు, ఓటరు జాబితాలో ఒక తీరు, బడి ధ్రువపత్రంలో మరొక తీరు. సయ్యద్, షేక్, మహమ్మద్ అనే పేర్లు గల్లీకి పదిమంది. ఇది తెలిసిన ఒక్క మనిషిని ఆ లెక్క తయారుచేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే, ఎన్ని పొయ్యిలు ఆరకుండా ఉండేవి!

"అభివృద్ధికి మతం లేదు, రోడ్డు అందరిదీ" అని కొందరు మిత్రులు అంటారు. నిజమే, రోడ్డుకు మతం లేదు. రోడ్డు ఎక్కడ ఆగిపోతుందన్నదానికి మాత్రం చరిత్ర ఉన్నది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాల్లో రోడ్లు, బడులు, ఆరోగ్య కేంద్రాలు, బ్యాంకులు వంటి సౌకర్యాలు కొరవడ్డాయని ఎత్తిచూపింది. దేశ సగటుకంటే ముస్లింలలో పట్టణవాసుల వాటా ఎక్కువని కూడా చూపింది. అంటే నగర ప్రణాళిక తప్పితే దెబ్బ మనకు ముందుగా, గట్టిగా తగులుతుంది. అయితే రంగశాయిపేట పెద్దావిడకు తెలిసినది కాశీబుగ్గలోని పద్మశాలి నేతకారుడికీ, గుడిసెల్లోని దళిత తల్లికీ కూడా తెలుసు. అడగమంటున్నది మన ఒక్కరినే కాదు. అడగకుండా మిగిలిపోయిన వారందరినీ.

మరి సాంకేతికత వద్దా? కావాలి. నాలాలో నీటిమట్టం పెరిగితే రాత్రివేళ గల్లీలోని ప్రతి ఫోనుకూ తెలుగులో, ఉర్దూలో గొంతుతో హెచ్చరిక రావాలి. నల్లా నీళ్లు ఏ వేళకు వస్తాయో ముందురోజే తెలియాలి. వీధి దీపం వెలగకపోతే స్తంభంమీద ఉన్న సంఖ్య చెబితే చాలు, ఫిర్యాదు నమోదు కావాలి. ఏ డివిజన్‌లో ఎంత ఖర్చయిందో డివిజన్ కార్యాలయం గోడమీద అందరికీ అర్థమయ్యే భాషలో రాసి ఉండాలి. ఇవన్నీ సాధ్యమే. వీటిని ముందు వరుసలో పెట్టాలా, నగర ముఖద్వారాల్లో కాకతీయ తోరణాలను ముందు పెట్టాలా అన్నది ఇంజనీరు ఒక్కడే తేల్చవలసిన ప్రశ్న కాదు. ఆ నగరంలో బతికేవాడు తేల్చవలసిన ప్రశ్న.

ఇక్కడ మా పల్లె సంగతి ఒకటి చెప్పాలి. రఘునాథపల్లి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నా, మా బతుకులు రైలెక్కితే కాజీపేటలోనే దిగుతాయి. ఆసుపత్రికి, కాలేజీకి, కూలిపనికి, పిల్ల పెళ్లి సామానుకు వరంగలే దిక్కు. మా ఊళ్లో ఎన్ని లోపాలున్నా గ్రామసభ అనేది ఒకటి ఉన్నది. రాజ్యాంగమే దానికి చోటిచ్చింది. సర్పంచ్ ఎదుట లేచి నిలబడి మాట్లాడే హక్కు ప్రతి ఓటరుకూ ఉన్నది. గ్రేటర్ వరంగల్ 42 గ్రామాలను కలుపుకుని పెరిగిన నగరం. ఆ గ్రామాల ప్రజలు నగరవాసులైన నాడు ఆస్తిపన్ను పెరిగింది, గ్రామసభ పోయింది. దానికి బదులుగా ఏమి ఇచ్చారు? మూడు లక్షలకు మించిన జనాభా గల నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతున్నది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు ఉండాలన్నది. ఈ వ్యాసం చదువుతున్న వరంగల్ పాఠకులారా, మీ డివిజన్‌లో ఆ నాలుగు కమిటీల్లోని సభ్యుల పేర్లు మీకు తెలుసా? ఒక్కరి పేరైనా?

తెలియకపోతే తప్పు అధికారులదే కాదు. మనదీ ఉన్నది. హోటల్‌లో చాయ్ తాగుతూ ప్రభుత్వాన్ని తిట్టడానికి మనకు రెండు గంటల సమయం దొరుకుతుంది. డివిజన్ సమావేశానికి అరగంట దొరకదు. వెళ్లినా పెద్దమనుషులు ఇద్దరు వెళ్లి జమాఅత్ మొత్తం తరఫున మాట్లాడి వస్తారు. నీళ్లు పట్టేది, మోరీ వాసన భరించేది, పిల్లల జ్వరాలకు మేల్కొనేది ఆడవాళ్లు. వారిని మనమే అడగం. మన ఇంట్లో అడగనిది నగరం అడగలేదని నిలదీస్తే మన గొంతుకు బలం ఎక్కడినుంచి వస్తుంది?

స్మార్ట్ సిటీస్ మిషన్ గడువు పలుమార్లు పెరిగి, 2025 మార్చి 31న ముగిసింది. పథకం ముగిసింది కదా, ఇప్పుడు ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. ఎందుకంటే అంతకంటే పెద్ద పనులు ముందున్నాయి. వరంగల్ మాస్టర్ ప్లాన్ 2041కు 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఆ నెలలోనే 4,170 కోట్ల రూపాయల భూగర్భ మురుగునీటి పథకానికి కూడా అనుమతి ఇచ్చింది. స్మార్ట్ సిటీకి అనుకున్న సొమ్ముకు ఇది నాలుగింతలు. భూమిలో ఒకసారి వేసిన పైపు యాభై ఏళ్లు అక్కడే ఉంటుంది. ఏ గల్లీకి పైపు వచ్చింది, ఏ గల్లీ ముందు ఆగిపోయింది అన్నది మన మనవళ్ల ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ఈసారి ముందుగానే అడగాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినవి ఇవి. పైపుల, నాలాల పటాన్ని టెండరుకు ముందే ప్రతి డివిజన్‌లో గోడమీద అతికించి, తెలుగులో, ఉర్దూలో వివరించాలి. ఫోనులో ఓటుతో సరిపెట్టకుండా ప్రతి గల్లీలో, కూలీలు ఇంటికి చేరే సాయంత్రం వేళ, ఆడవాళ్లు వచ్చి కూర్చోగలిగే చోట సమావేశం జరపాలి. కెమెరా పెడితే ఎందుకు పెట్టారో, దృశ్యాలు ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో ఆ స్తంభంమీదే రాయాలి. కంప్యూటర్ చెప్పిందన్న ఒక్క కారణంతో ఏ కుటుంబం పేరూ ఏ జాబితానుంచీ తొలగించకూడదు. ముందు మనిషి వెళ్లి తలుపు తట్టాలి. ఎంత అడిగారో కాదు, అడిగిన తరువాత ప్రణాళికలో ఏది మారిందో ప్రకటించాలి. ఏమీ మారకపోతే అడిగినట్టు కాదు.

మనం చేయవలసినది ఒక పాత గుమాస్తాగా చెబుతాను. సభకు పిలిస్తే తప్పక వెళ్లండి. ఇంటావిడను, కూతురిని వెంట తీసుకుని వెళ్లండి. మీ మాట నోటితో చెప్పి ఊరుకోకండి. కాగితంమీద రాసి, రెండు ప్రతులు తీసుకుని, ఒకదానిమీద అందినట్లు ముద్ర వేయించుకోండి. హాజరు పట్టికలో సంతకం పెట్టేముందు పైన ఏమి రాసి ఉందో చదవండి. "హాజరు మాత్రమే" అని మీ సంతకం పక్కన రాయండి. ఆ రెండు మాటలను చూసి ఎంతటి సూపరింటెండెంటైనా ఒక్క క్షణం ఆగుతాడు. మీరు ఒప్పుకోకపోతే మీ అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయమని పట్టుబట్టండి. నెల తరువాత 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ మినిట్స్ ప్రతిని అడగండి. మీరు అన్న మాట అందులో లేకపోతే, ఆ కాగితమే మీ చేతిలో సాక్ష్యం.

నా ఉద్యోగకాలంలో ఎవరైనా ఒక్కరు ఇలా చేసి ఉంటే, పది గంటలకు సిద్ధమైన ఆ చిత్తుప్రతిని నేను చింపివేయవలసి వచ్చేది. ఒక్కరూ చేయలేదు. చేయవచ్చునని వారికి మేము చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.